అప్పియా దారిలో ఒక రోజు నడక: రోమ్ నగర గోడ నుంచి ఫ్రాట్టోకియె దాకా సమగ్ర మార్గదర్శి

రోమ్ వెళ్ళే తెలుగువారిలో చాలామంది కొలోసియం, వాటికన్, ట్రెవీ ఫౌంటెన్ చూసి, రెండు మూడు రోజుల్లో తర్వాతి ఊరికి రైలెక్కుతారు. అదే నగరపు దక్షిణ గోడ దాటితే, క్రీ.పూ. 312లో వేసిన రహదారి ఒకటి పైన్ చెట్ల నీడలో, పొలాల మధ్య, శిథిల సమాధుల వరుసల నడుమ సూటిగా కొండల వైపు సాగిపోతుంది. దాని పేరు వియా అప్పియా. నగరపు అంచు నుంచి సుమారు 16 కి.మీ. దూరంలోని ఫ్రాట్టోకియె అనే చిన్న ఊరి దాకా ఈ దారి ఈనాడు ఒక ప్రకృతి ఉద్యానవనంలో భాగం. ఒక రోజు ఖాళీగా ఉండి, ఎత్తుపల్లాలు లేని నేల మీద నాలుగైదు గంటలు నడవగలిగిన వారెవరైనా దీన్ని పూర్తి చేయవచ్చు.

అయితే ముందే ఒక మాట చెప్పాలి. అప్పియా దారి బాగాలేదని చెప్పి వెనక్కి వచ్చేవారిలో ఎక్కువమంది చూసింది దాని మొదటి మూడు కిలోమీటర్లే. ఆ భాగంలో రెండు పక్కలా ఎత్తైన గోడలు, మధ్యలో ఇరుకు రోడ్డు, నడిచేవారికి చోటు వదలకుండా దూసుకుపోయే కార్లు ఉంటాయి. అసలు దారి దాని తర్వాత మొదలవుతుంది. అందుకే ఈ మార్గదర్శి మొదటి అంచెను ఎలా తప్పించుకోవాలో చెప్పి, ఎక్కువ సమయాన్ని మూడో మైలు (ఇక్కడి మైళ్ళన్నీ రోమన్ మైళ్ళు, ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర కి.మీ.) తర్వాతి భాగానికే కేటాయిస్తుంది.

బయలుదేరే ముందు తెలిసి ఉండవలసిన కథ

సెన్సర్ అనే ఉన్నత రోమన్ అధికార పదవిలో ఉన్న అప్పియస్ క్లాడియస్ సీకస్ ఈ దారిని రోమ్ నుంచి కాపువా దాకా, అంటే 132 రోమన్ మైళ్ళు, వేయించాడు. అప్పుడు దక్షిణాన సామ్నైట్లు అనే కొండజాతితో యుద్ధం జరుగుతున్నది. సైన్యమూ దాని తిండిగింజలూ వాన పడినా ఆగకుండా కదలాలంటే బురద కాని బాట కావలసి వచ్చింది. తర్వాతి తరాలు దాన్ని బెనెవెంటో, వెనోసా, తారాంతోల మీదుగా ఏడ్రియాటిక్ తీరంలోని బ్రిండిసి రేవు దాకా పొడిగించాయి. రోమన్ కవి స్టాటియస్ దీన్ని దారులలో రాణి అన్నాడు. ఆ బిరుదు నేటికీ నిలిచింది, 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు కూడా ఆ పేరుతోనే చేరింది. ఆ నిర్ణయం జరిగిన సమావేశం మన న్యూఢిల్లీలోనే జరిగింది.

తెలుగు పాఠకులకు ఈ దారి పూర్తిగా కొత్తదేమీ కాదు. తెలుగు బైబిల్లో అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయంలో పౌలును ఎదుర్కోవడానికి సహోదరులు వచ్చిన ‘అప్పీయా సంతపేట’ ఈ దారి మీది మజిలీయే. ఖైదీగా పుతెయోలి రేవులో దిగిన పౌలు ఈ రాళ్ళ మీదుగానే రోమ్‌కు చేరాడు. తూర్పు సముద్రాల నుంచి ఈజిప్టు మీదుగా వచ్చే ఓడలు ఆగే రేవు కూడా పుతెయోలియే. నల్గొండ ప్రాంతంలోని అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు ఆ వర్తకానికి మన వైపున మిగిలిన గుర్తులు.

ఇంతకన్నా ఎక్కువ చరిత్ర ముందుగా చదువుకోనక్కరలేదు. మిగిలినది దారి పక్కనే కనిపిస్తుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి. రోమన్ల ప్రాచీన చట్టమైన పన్నెండు పట్టికలు నగరం లోపల శవాన్ని పూడ్చడాన్నీ దహించడాన్నీ నిషేధించాయి. కాబట్టి కలిగినవారు నగర ద్వారం దాటగానే, రాకపోకలు ఎక్కువగా ఉండే దారి పక్కన చోటు కొని సమాధులు కట్టుకున్నారు. మీరు నడవబోయే దారికి ఇరువైపులా ఉన్నవన్నీ దారిన పోయేవారు చూసి పేరు చదవాలని కట్టినవే.

ఎప్పుడు, ఏ రోజున

ఏప్రిల్, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు మంచి కాలాలు. ఏప్రిల్ నుంచి మే సగం దాకా దారి పక్క గడ్డిలో ఎర్రని గసగసాల పూలు, అడవి సోంపు, ఊదా రంగు మాలో పూలు విరివిగా ఉంటాయి. జూలై, ఆగస్టు నెలల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే. మన ఎండలకు అలవాటు పడ్డాం కదా అనుకోవద్దు, ఐదో మైలు తర్వాత చాలా చోట్ల నీడ ఉండదు, నల్లరాయి వేడెక్కి కింది నుంచి కూడా కాల్చుతుంది. చలికాలంలో వాతావరణం నడకకు హాయిగానే ఉంటుంది కాని, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది. దారిలో దీపాలు లేవు.

వారంలో రోజును ఎంచుకోవడం కాలాన్ని ఎంచుకోవడం కన్నా కష్టం. ఆదివారాలూ సెలవు రోజుల్లో నగరానికి దగ్గరి భాగంలో కార్లను నియంత్రిస్తారు, దారి నిండా సైకిళ్ళూ కుటుంబాలూ కనిపిస్తాయి, కాని బస్సులు తక్కువగా తిరుగుతాయి, సాన్ సెబాస్టియానో భూగర్భ సమాధులు ఆరోజు మూసి ఉంటాయి. సాన్ కలిస్టో భూగర్భ సమాధులకు బుధవారం సెలవు. చెచీలియా మెటెల్లా సమాధి, క్వింటిలీ విల్లా సాధారణంగా సోమవారాలు తెరవరు. ఇవన్నీ కలిపి చూస్తే మంగళ, గురు, శుక్ర, శనివారాలలో ఏదైనా సరిపోతుంది. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ స్థలాలకు ప్రవేశం ఉచితం కాబట్టి ఆరోజు వెళ్ళాలన్న ఆశ పుడుతుంది. లోపలి కట్టడాల కన్నా నడకే ముఖ్యమనుకుంటే అదీ మంచి రోజే. పని వేళలు ఋతువును బట్టి మారతాయి. బయలుదేరే ముందు రోజు రాత్రి ఆర్కియాలజికల్ పార్కు అధికారిక వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోండి.

గంటల లెక్క ఇలా వేసుకోవచ్చు. ఈ దారి రోమ్ నుంచి ఆగ్నేయంగా పోతుంది. పొద్దున్నే నడిస్తే ఎండ సూటిగా ముఖం మీద కొడుతుంది. మధ్యాహ్నం దాటాక అదే ఎండ వెనక నుంచి వచ్చి, ముందున్న సమాధుల ముఖాల మీదా దూరపు అల్బన్ కొండల మీదా పడుతుంది. కాబట్టి ఉదయం తొమ్మిదికి ద్వారం దగ్గర మొదలై, మధ్యాహ్నం వరకు భవనాలూ లోపలి చూపులూ ముగించుకుని, మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకు తెరపి లేకుండా నడవడం వసంతంలో అన్నిటికన్నా అనువైన పద్ధతి. చలికాలంలో మాత్రం భవనాలు తగ్గించుకుని పొద్దున్నే నడక మొదలుపెట్టాలి.

వెంట ఉండవలసినవి

అడుగు మందంగా, పట్టు గట్టిగా ఉన్న బూట్లు తప్పనిసరి. పాదం మడత పడడానికి ఇంతకన్నా అనువైన నేల దొరకదు. చెప్పులు, పల్చని అడుగున్న స్నీకర్లు ఒక గంటకే బాధ పెడతాయి. రోమ్ వీధుల్లో ఎక్కడికక్కడ ఇనుప కుళాయిల్లో తాగునీరు ఉచితంగా పారుతూ ఉంటుంది కాని, అదే ధీమాతో ఈ దారిలోకి రాకూడదు. చెచీలియా మెటెల్లా సమాధి పరిసరాలు దాటాక నీటికీ మరుగుదొడ్డికీ నమ్మకమైన చోట్లు బాగా అరుదు. మనిషికి రెండు లీటర్లు ఉండాలి.

తిండి కూడా అక్కడికి ముందే కొనుక్కోవాలి. నగరంలో ఏ బేకరీలోనైనా బరువుకు కోసి ఇచ్చే పిజ్జా బియాంకా, అంటే ఆలివ్ నూనె, ఉప్పు మాత్రమే వేసి కాల్చిన పల్చని రొట్టె, దారి తిండికి బాగా ఆగుతుంది. మాంసం తినని వారు ఒక సంగతి గమనించాలి. రోమ్ ప్రాంతపు పెకొరీనో జున్నును విరగ్గొట్టడానికి గొర్రెపిల్ల పొట్టలోని పదార్థం వాడతారు. కాబట్టి కూరగాయల రొట్టె అని రాసి ఉన్నా పైన తురిమిన జున్ను ఏమిటో అడగడం మంచిది. హోటల్ గదిలో పులిహోర కలుపుకుని వెళ్ళే వారికి ఈ బెడద లేదు.

ఫోనులో ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకోండి. అత్యవసర నంబరు 112. కొలోసియం వైపు నుంచి వచ్చే బస్సుల్లో జేబుదొంగల బెడద ఉంది కాబట్టి పాస్‌పోర్టును లోపలి జేబులో ఉంచండి.

మొదటి అంచె: నగర ద్వారం నుంచి మూడో మైలు దాకా

పాత దారి నిజానికి సర్కస్ మాక్సిమస్ దగ్గరి పోర్టా కాపేనా నుంచి మొదలయ్యేది. మైళ్ళ లెక్క అంతా అక్కడి నుంచే. ఇప్పుడు నడక మొదలుపెట్టవలసినది పోర్టా సాన్ సెబాస్టియానో దగ్గర. క్రీ.శ. 271లో ఔరేలియన్ చక్రవర్తి మొదలుపెట్టిన ప్రాకారంలోని ద్వారాలలో బాగా నిలిచి ఉన్నది ఇదే. లోపలి గోడల మ్యూజియంలో ప్రవేశం ఉచితం. అరగంట కేటాయించి పైకెక్కితే ముందు పోవలసిన దారి కొంతవరకు కనిపిస్తుంది. ఇక్కడికి 118 నంబరు బస్సు సర్కస్ మాక్సిమస్ మీదుగా వస్తుంది. రోమ్‌లో బస్సు దారులు తరచూ మారతాయి కాబట్టి ఆనాటి వివరాన్ని ఫోనులో చూసుకోవాలి.

ద్వారం దాటిన కొద్ది అడుగులకే కుడి గోడలో మొదటి మైలురాయి నకలు ఉంటుంది. అసలుది కాపిటోలైన్ కొండ మీది పిట్టగోడ పైన ఉంది. తర్వాత రైలు వంతెన, అల్మోనె వాగు, పార్కు సమాచార కేంద్రం వరుసగా వస్తాయి. ఈ కేంద్రంలో మ్యాపు తీసుకోండి, సైకిల్ కావాలన్నా ఇక్కడే అద్దెకు దొరుకుతుంది. కొంచెం ముందుకు వెళ్తే దారి చీలేచోట దోమినే క్వో వాదిస్ అనే చిన్న చర్చి. రోమ్ విడిచి పారిపోతున్న పేతురుకు క్రీస్తు ఎదురుపడ్డ చోటు ఇదేనని సంప్రదాయం. లోపల పాదముద్రలున్న పాలరాతి పలక ఉంది. అది నకలు, అసలుది ముందున్న సాన్ సెబాస్టియానో చర్చిలో ఉంది.

ఈ చీలిక దగ్గర తప్పకుండా పాటించవలసిన సలహా ఒకటుంది. ఎడమవైపు అప్పియా రోడ్డును వదిలేసి, రెండు రోడ్ల మధ్యనున్న సాన్ కలిస్టో ప్రాంగణపు గేటులోంచి లోపలికి వెళ్ళండి. లోపలి బాట రోడ్డుకు సమాంతరంగా, సైప్రస్ చెట్ల వరుసలోంచి, పొలాల పక్క నుంచి సాగి భూగర్భ సమాధుల దాకా తీసుకెళ్తుంది. కార్ల గోల వినిపించదు. బుధవారం మాత్రం ఈ దారి మూసి ఉంటుంది. భూగర్భ సమాధుల్లో ఒక్కదాన్నే చూడాలనుకుంటే సాన్ కలిస్టో చాలు. 20 కి.మీ. మేర ఉన్న ఆ సొరంగాలలో 3వ శతాబ్దపు పోపులు పలువురిని పూడ్చారు. గైడు లేకుండా లోపలికి పంపరు, వరుసలో గంట పోవచ్చు. నడకే లక్ష్యమైతే దీన్ని మరో రోజుకు వాయిదా వేయడంలో నష్టమేమీ లేదు.

మొదటి అంచె మొత్తాన్నీ వదులుకోదలచిన వారు మెట్రో ఏ లైన్‌లో కొల్లి అల్బాని స్టేషన్‌లో దిగి, 660 నంబరు బస్సులో నేరుగా చెచీలియా మెటెల్లా సమాధి దగ్గరికి రావచ్చు. పిల్లలతో, పెద్దవారితో వచ్చేవారికి ఇదే మంచిది.

సాన్ సెబాస్టియానో దాటగానే ఎడమవైపు మక్సెంటియస్ చక్రవర్తి రథపందాల మైదానం, అర కిలోమీటరుకు పైగా పొడవున, గడ్డి పెరిగి ఖాళీగా ఉంటుంది. ప్రవేశం ఉచితం. 309లో చిన్న వయసులోనే చనిపోయిన ఆయన కొడుకు రోములస్ సమాధి పక్కనే ఉంది. ఈ మైదానం నడుమ ఒకప్పుడు నిలబడ్డ శిలాస్తంభం ఇప్పుడు నగరంలోని పియాజ్జా నవోనాలో, బెర్నీనీ రూపొందించిన నాలుగు నదుల ఫౌంటెన్ మీద ఉంది. ఆ నలుగురిలో గంగ ఒకటన్న సంగతి మన యాత్రికులలో చాలామంది గమనించరు.

చెచీలియా మెటెల్లా దగ్గర ఆగి నేల చూడండి

మూడో మైలు దగ్గర కనిపించే పెద్ద గుండ్రని కట్టడం క్రీట్‌ను జయించిన మెటెల్లస్ కూతురి సమాధి, క్రీ.పూ. 1వ శతాబ్దం చివరిది. వ్యాసం 29 మీటర్ల పైచిలుకు. 14వ శతాబ్దం మొదట్లో కయెతానీ వంశంవారు దీన్నే బురుజుగా మార్చుకుని, పక్కన కోట కట్టి, దారిన పోయేవారి దగ్గర సుంకం వసూలు చేశారు. ఇక్కడ టికెట్టు కొనడం దండగ కాదు. పైన చూడవలసినవి తక్కువే గాని, కోట అడుగు గదుల్లోకి దిగితే ఈ దారి మొత్తానికి మూలకారణం కళ్ళకు కనిపిస్తుంది.

అది గడ్డకట్టిన లావా. సుమారు రెండు లక్షల డెబ్బై ఎనభై వేల ఏళ్ళ కిందట అల్బన్ కొండల అగ్నిపర్వతం నుంచి పారిన ఒక లావా ప్రవాహం రోమ్ వైపు వచ్చి, సరిగ్గా ఇక్కడ ఆగిపోయింది. చుట్టూ ఉన్న మెత్తని నేల వానలకు కోసుకుపోగా, గట్టి లావా వెన్నుగా పైకి తేలింది. అప్పియస్ మనుషులు ఆ వెన్ను మీదనే దారి వేశారు. నీరు రెండు పక్కలకూ జారిపోతుంది, పునాది ఊరికే దొరికింది, పైన పరచడానికి రాయి పక్కనే ఉంది. ఇక్కడి నుంచి ఫ్రాట్టోకియె దాకా దారి చుట్టుపక్కల కన్నా కొంచెం ఎత్తున ఎందుకు ఉందో, రెండు పక్కలా దూరదూరాలు ఎందుకు కనిపిస్తాయో దీనితో అర్థమవుతుంది. ఈ దారిని కేవలం పురావస్తువుగా చూస్తే సగమే చూసినట్టు. కొండా, లావా, రాయీ కలిసి దీన్ని నిర్ణయించాయి.

బయటికి వచ్చాక రాళ్ళను దగ్గరగా చూడడం నేర్చుకోవాలి, ఎందుకంటే కాళ్ళ కింద ఉన్నదంతా ఒక కాలానిది కాదు. ఘనాకారంలో, అరచేతి పరిమాణంలో, వరుసగా పరచిన చిన్న రాళ్ళు ఇటీవలి శతాబ్దాలవి, నగర వీధుల్లో ఉన్నవే. పెద్దవిగా, ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో, అంచుకు అంచు అమరి ఉన్న నల్లరాళ్ళు రోమన్లవి. ఎక్కడైనా ఒక రాయి ఊడి పక్కన పడి ఉంటే చూడండి. పైముఖం చదునుగా, అరిగి నున్నగా ఉంటుంది, కింది భాగం దవడపన్ను వేరులా సన్నబడుతూ పోతుంది. మట్టిలో దిగిన ఆ మొనే రాయిని కదలనివ్వదు. దారి వెడల్పు సుమారు 4.1 మీటర్లు, అంటే 14 రోమన్ అడుగులు, ఎదురుబొదురుగా రెండు బండ్లు తప్పుకునేంత. ఇరుపక్కలా నడిచేవారికి మట్టి కాలిబాటలు, వాటికి అంచురాళ్ళు. కొన్నిచోట్ల రాతిలో బండి చక్రాల గాడి రెండు వేళ్ళ లోతున పడి ఉంటుంది. గాడి ఒక రాయి నుంచి పక్క రాయికి తెగకుండా సాగితే ఆ రాళ్ళు కదలలేదని, గాడి మధ్యలో తెగి వంకర దిశలో కనిపిస్తే ఆ రాళ్ళను తర్వాతెవరో ఎత్తి మళ్ళీ పరిచారని అర్థం.

క్రీ.పూ. 312లోనే ఈ రాళ్ళన్నీ పరిచారనుకోవద్దు. మొదట వేసింది కంకర బాట. నగరం నుంచి ఈ నడక చివర వచ్చే ప్రాచీన పట్టణం బొవిల్లే దాకా నల్లరాయి పరిచింది క్రీ.పూ. 293లోనని చరిత్రకారుడు లివీ రాశాడు.

రెండో అంచె: నాలుగో మైలు నుంచి ఆరో మైలు దాకా

మెటెల్లా సమాధి దాటి కొద్ది దూరంలో కాపో ది బోవె అనే చిన్న తోట వస్తుంది. ఇది 2002 దాకా ప్రైవేటు ఇల్లు. ప్రభుత్వం కొన్నాక తవ్వితే 2వ శతాబ్దపు స్నానశాల బయటపడింది. ప్రవేశం ఉచితం, నీడ ఉంది, తెచ్చుకున్న తిండి తినడానికి ముందు ఇక్కడ కూర్చోవచ్చు. ఈ ఇంట్లోనే ఆంటోనియో చెదెర్నా పత్రాలను భద్రపరిచారు. 1950లలో సినిమావారూ సంపన్నులూ ఈ దారి వెంట విల్లాలు కట్టుకుంటుంటే, ఏళ్ళ తరబడి పత్రికల్లో రాసి పోరాడిన పాత్రికేయుడాయన. ఆ పోరు ఫలితంగా 1965లో ఈ భూమి పబ్లిక్ పార్కుగా ప్రకటించబడింది, 1988లో ప్రాంతీయ ఉద్యానవనం ఏర్పడింది. ఇంకా కొన్ని గోడల వెనక ఆ విల్లాలు ఉన్నాయి. రోమ్ అన్నీ కాపాడుకున్న నగరమని మనవాళ్ళు అనుకుంటారు. ఇక్కడ మిగిలింది మిగలడానికి ఒక మనిషి మొండితనం అవసరమైంది.

ఇక్కడి నుంచి గోడలు తగ్గి దారి తెరుచుకుంటుంది. ఇరుపక్కలా గొడుగు పైన్‌లు, సైప్రస్‌లు. ఇవి రోమన్ల కాలంవి కావు, 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో నాటించినవి. మొక్కలకే కాదు, కట్టడాలకూ ఇదే వర్తిస్తుంది. 1850ల తొలి ఏళ్ళలో లుయీజీ కనీనా అనే వాస్తుశిల్పి దారిని తవ్వించి, రెండు పక్కలా సున్నం లేకుండా పేర్చిన పొట్టి రాతిగోడలు కట్టించాడు. చెల్లాచెదురుగా దొరికిన పాలరాతి ముక్కలను కొత్త ఇటుక గోడల్లో పొదిగి నిలబెట్టాడు. కాబట్టి ఇటుక గోడలో శిల్పాల ముక్కలు కనిపిస్తే అది సమాధి కాదు, 19వ శతాబ్దపు అమరిక. అంతకు ముందు 1808లో శిల్పి కనోవా సర్విలియస్ క్వార్టస్ సమాధి దగ్గర ఇదే పద్ధతికి నాంది పలికాడు. తవ్వినవాటిని మ్యూజియానికి తరలించకుండా ఉన్నచోటే ఉంచాలన్న ఆలోచన ఆ రోజుల్లో కొత్తది. ఆయన పెట్టించిన శాసనం ఇంకా ఉంది.

ఈ భాగంలో ఒక్క సమాధి దగ్గరైనా నిలబడి నిదానంగా చూడాలంటే రబీరియస్ కుటుంబానిది ఎంచుకోండి. ఎత్తైన దిమ్మె మీద మూడు అర్ధశిల్పాలు వరుసగా ఉంటాయి (ఇవి నకళ్ళు, అసలువి నగరంలోని పలాజ్జో మాస్సిమో మ్యూజియంలో ఉన్నాయి). మొదటి ఇద్దరూ గయస్ రబీరియస్ హెర్మొడోరస్, రబీరియా దెమారిస్. హెర్మొడోరస్ అన్నది గ్రీకు పేరు. యజమాని ఇంటిపేరు ముందు తగిలించుకుని, పాత గ్రీకు పేరును వెనక ఉంచుకున్న ఆయన బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. మూడో ఆవిడ ఉసియా ప్రీమా. ఈజిప్టు దేవత ఐసిస్ పూజారిణి కావడం చేత ఆవిడ తల పక్కన పూజలో ఆడించే గిలక చెక్కి ఉంది. రోమ్ సింహద్వారం లాంటి ఈ దారి మీద తన రాతిముఖం నిలబెట్టుకున్న మాజీ బానిస ముఖాన్ని చూస్తున్నప్పుడు, ఇదే దారి వెంట క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక ఆరువేల మంది బానిసలను కాపువా నుంచి రోమ్ దాకా శిలువ వేశారన్న సంగతి కూడా గుర్తుకు రాక మానదు.

ఐదో మైలు దగ్గర క్వింటిలీ విల్లా. ఇద్దరు అన్నదమ్ములు కట్టుకున్న ఈ విశాలమైన భవనం మీద కన్నేసి, క్రీ.శ. 182లో కొమ్మోడస్ చక్రవర్తి కుట్ర నేరం మోపి ఇద్దరినీ చంపించి తాను ఆక్రమించాడు. లోపలికి వెళ్తే గంటన్నర పడుతుంది. వెళ్ళకపోయినా స్నానశాల ఎత్తైన గోడలు పొలాల అవతల దారి నుంచే కనిపిస్తాయి. ఆరో మైలు దగ్గరి కాసాల్ రొటోండో ఈ దారి మీద అన్నిటికన్నా పెద్ద సమాధి. దాని నెత్తి మీద ఎవరో ఇల్లు కట్టుకుని ఆలివ్ చెట్లు పెంచుకున్నారు. రోజంతా నడిచే ఓపిక లేనివారు ఇక్కడి నుంచి వెనక్కి తిరగవచ్చు.

సైకిల్ మీద వచ్చినవారికి ఒక సూచన. రోమన్ రాళ్ళున్నచోట సీటు మీద కూర్చుని తొక్కలేరు. పక్కనున్న మట్టి కాలిబాట వాడుకోండి, లేదా దిగి నడిపించండి. వాన పడ్డాక అరిగిన నల్లరాయి నడిచేవారిని కూడా జార్చుతుంది.

చెట్టూ పిట్టా

సమాధుల సున్నపు పగుళ్ళలో అడవి అత్తి, మొదళ్ళలో గ్రీకు స్తంభాల మీద చెక్కే అకాంథస్ ఆకులు పెరుగుతాయి. రాళ్ళ మీద బల్లుల్లాంటి చిన్న పచ్చని సరీసృపాలు, పైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచే కెస్ట్రెల్ అనే చిన్న డేగ తరచూ కనిపిస్తాయి. పక్కనున్న కఫరెల్లా లోయలో పచ్చని చిలుకల కీచుమనే అరుపు వినిపిస్తే ఆశ్చర్యపోవద్దు, వాటిలో ఒక జాతి మెడ చుట్టూ గులాబి పట్టీ ఉన్న మన రామచిలుకే. పంజరాల నుంచి తప్పించుకున్నవి అక్కడే స్థిరపడ్డాయి.

జాగ్రత్తలు మూడు. చలికాలం చివరి నుంచి వసంతం దాకా పైన్ చెట్ల నుంచి గొంగళి పురుగులు ఒకదాని వెనక ఒకటి వరుసగా నేల మీద పాకుతుంటాయి. వాటి నూగు ఒంటికి తగిలితే దద్దురు, కంట్లో పడితే ప్రమాదం. పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. పొడవాటి గడ్డిలో పిడుదులుంటాయి కాబట్టి ప్యాంటు నిండుగా వేసుకోండి. మేత మేస్తున్న గొర్రెల మంద కనిపిస్తే మధ్యలోంచి నడవకుండా చుట్టూ తిరిగి వెళ్ళండి, కాపలా తెల్లకుక్కలు మందకు దగ్గరగా వచ్చినవారిని ఊరుకోవు. పైన్‌లు కొన్ని ఆకు రాల్చి ఎండుముఖం పట్టడం గమనిస్తారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన ఒక పొలుసు పురుగు చేసిన చేటు, రోమ్ మొత్తం దానితో సతమతమవుతున్నది.

మూడో అంచె: ఆరో మైలు నుంచి ఫ్రాట్టోకియె

కాసాల్ రొటోండో దాటాక జనం పలచబడతారు. నాకు ఈ దారిలో అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే, అయితే గైడు పుస్తకాలు దీనికి రెండు వాక్యాలు మించి ఇవ్వవు. రోమన్ రాళ్ళు కొంతదూరం కనబడి కొంతదూరం గడ్డి కింద మాయమవుతాయి. ఏడో మైలు ప్రాంతంలో నగరం చుట్టూ తిరిగే పెద్ద రింగ్ రోడ్డు దాటతారు కాని దాన్ని దాటుతున్నట్టు కూడా తెలియదు. దశాబ్దాల పాటు అది అప్పియాను రెండు ముక్కలుగా కోసి ఉండగా, 2000 నాటి కాథలిక్ జూబిలీ ఉత్సవాల కోసం దాన్ని సొరంగంలోకి దించి పైన పాత దారిని మళ్ళీ కలిపారు. ఆ తర్వాత చాంపీనో విమానాశ్రయంలో దిగే విమానాలు చాలా తక్కువ ఎత్తున తల మీదుగా వెళ్తాయి.

ఇక్కడ మైళ్ళ లెక్క ఉపయోగపడుతుంది. రోమన్ మైలు వెయ్యి జంట అడుగులు, సుమారు 1,480 మీటర్లు. మామూలు నడకకు మైలుకు 20 నిమిషాల చొప్పున వేసుకుంటే కాసాల్ రొటోండో నుంచి చివరి దాకా ఆగకుండా రెండు గంటలు పడుతుంది. పొద్దు వాలడానికి మూడు గంటల ముందు మీరు కాసాల్ రొటోండో దాటి ఉండకపోతే ముందుకు వెళ్ళకండి. ఈ భాగం నిర్జనం. ఒంటరిగా వచ్చిన ఆడవారు ఇక్కడి నుంచి ఎవరైనా తోడు చూసుకుని నడవడం మంచిది. మధ్యలో అడ్డంగా వచ్చే రోడ్ల దగ్గర కార్లు వేగంగా వస్తాయి, ఆగి చూసి దాటండి.

చివర వచ్చేది ప్రాచీన బొవిల్లే పట్టణపు ప్రాంతం, జూలియస్ సీజర్ వంశంతో దగ్గరి సంబంధమున్న చోటు. క్రీ.పూ. 52 జనవరిలో క్లోడియస్, మిలో అనే ఇద్దరు రాజకీయ శత్రువుల పరివారాలు ఈ దగ్గరలోనే దారి మీద ఎదురుపడి కొట్టుకోగా క్లోడియస్ హతుడయ్యాడు. క్రీ.శ. 14లో ఆగస్టస్ చక్రవర్తి శవాన్ని రోమ్‌కు మోసుకెళ్తూ ఆగిన మజిలీ కూడా ఇదే.

తిరుగు ప్రయాణం

ఫ్రాట్టోకియెలో పాత అప్పియా, వాహనాల రద్దీతో నిండిన కొత్త అప్పియాతో కలిసిపోతుంది. అక్కడి నుంచి రోమ్‌కు నడిచి తిరిగిరావడం గాని, కొత్త అప్పియా పక్కన నడవడం గాని పెట్టుకోవద్దు. దగ్గరలోని సాంటా మరియా దెల్లే మోలె రైల్వే స్టేషన్ నుంచి వెల్లెట్రి లైను రైలు రోమ్ తెర్మినీకి అరగంట లోపే చేరుస్తుంది. ఊళ్ళో దుకాణాలు, కాఫీ బార్లు ఉన్నాయి. చిన్న స్టేషన్ కాబట్టి టికెట్టును ఫోనులో ముందే కొనుక్కోండి. అలా కాక కాగితపు టికెట్టు కొంటే ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకున్నాకే రైలెక్కాలి, లేకపోతే తనిఖీలో జరిమానా కట్టవలసి వస్తుంది. ఆదివారాలు, రాత్రివేళ రైళ్ళ మధ్య ఎడం ఎక్కువ, అందుకే పొద్దున బయలుదేరేటప్పుడే సాయంత్రపు రైళ్ళ వేళలు రెండు మూడు రాసిపెట్టుకోండి.